గుర్రాల వెనక ఒక రాత్రి

మా అమ్మకి ఫోనులో ఏదైనా విషయం వివరించడం ఒక పరీక్ష. ఆవిడ తెనాలిలో ఉంటుంది, నేను కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన ఉంటాను. మధ్యలో పన్నెండున్నర గంటల తేడా. 2018 జూలైలో ఓ రోజు, ‘ఈ శనివారం ఫోను చెయ్యలేనమ్మా, అడవిలో గుర్రాల పందేనికి వెళుతున్నా’ అని చెప్పాను.

‘గుర్రం ఎక్కుతావా?’ అంది కంగారుగా.

‘లేదమ్మా. గుర్రాలు వస్తాయి, పోతాయి. నేను టైము రాసుకుంటాను.’

కాసేపు అవతలి నుంచి మాట లేదు. తర్వాత, ‘జీతం ఎంతిస్తారు?’ అంది.

‘ఏమీ ఇవ్వరు.’

‘మరి గుర్రాలు పరిగెడితే మధ్యలో నువ్వెందుకురా?’

నిజానికి ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర సరైన సమాధానం లేదు. మన ఊళ్లో తిరునాళ్లకి పిల్లలు తప్పిపోకుండా మైకు దగ్గర కూర్చునేవాళ్లుంటారు చూడండి, అలాంటి పని అని చెప్పి ఊరుకున్నాను. ఆ పోలిక ఎంత నిజమో ఆ రాత్రి పదకొండున్నర దాటాక గానీ తెలిసిరాలేదు.

ఇంతకీ ఆ పందెం పేరు టెవిస్ కప్. తాహో సరస్సుకి దగ్గర్లో ఉన్న రోబీ పార్క్ అనే చోట తెల్లవారుజామున అయిదుంబావుకి బయల్దేరాలి. సియెరా నెవాడా కొండలెక్కి, లోయలు దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి, ఆబర్న్ అనే ఊరు చేరాలి. నూరు మైళ్లు. అంటే నూట అరవై కిలోమీటర్లు. మర్నాడు తెల్లవారుజామున అయిదుంబావు కొట్టేలోపు చేరాలి. గుర్రం ఒకటే, మనిషి ఒకరే. మధ్యలో గుర్రాన్ని మార్చడానికి వీల్లేదు. కావాలంటే దిగి పక్కన నడవొచ్చు, పరిగెత్తొచ్చు. చాలామంది దిగుడు దారుల్లో ఆ పనే చేస్తారు, గుర్రానికి బరువు తగ్గుతుందని.

దీన్ని మొదలెట్టినాయన వెండెల్ రోబీ. ఆబర్న్‌లో కలప వ్యాపారం, బ్యాంకు ఉన్న పెద్దమనిషి. పూర్వం గుర్రాలు ఒక్క రోజులో నూరు మైళ్లు పోయేవట, ఇప్పటి గుర్రాలకి అంత సత్తా ఎక్కడిది అని ఎవరో అంటే, ‘ఎందుకు లేదు, చూపిస్తా పదండి’ అని 1955 ఆగస్టులో నలుగురు మిత్రుల్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. చూపించాడు కూడా. మాట పట్టింపుతో మొదలైన పనులు ఇంతకాలం నిలవడం అరుదు. మన దగ్గర అయితే అది రెండో ఏడాదికల్లా రెండు వర్గాలై ఉండేది. కప్పుకు ఆ పేరు మాత్రం లాయిడ్ టెవిస్ అనే ఆయనది. పందొమ్మిదో శతాబ్దంలో వెల్స్ ఫార్గో కంపెనీకి అధ్యక్షుడు. ఆయన మనవలు ఆ కప్పును ఇచ్చారు.

ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, డబ్బు బహుమతి లేదు. ముందొచ్చినవాళ్లకి కప్పు మీద పేరు. ఇరవై నాలుగు గంటల్లో గుర్రాన్ని క్షేమంగా చేర్చిన ప్రతివాళ్లకీ ఒక వెండి బకిల్, అంటే నడుము బెల్టుకి పెట్టుకునే బిళ్ల. దానికోసం ఏడాదంతా తయారవుతారు. బయల్దేరిన వాళ్లలో సుమారు సగం మందే దాన్ని అందుకుంటారు. ఇంకో బహుమతి ఉంది, హాగిన్ కప్. మొదటి పదిమందిలో ఎవరి గుర్రం మంచి స్థితిలో ఉందో దానికి. మర్నాడు పరీక్ష చేసి మరీ ఇస్తారు. ముందు వచ్చిన గుర్రం కన్నా, ‘ఇంకో పాతిక మైళ్లు పోదామా?’ అన్నట్టు చూసే గుర్రానికే అక్కడ గౌరవం ఎక్కువ. తెలిసినవాళ్లు ఆ కప్పునే పెద్ద కప్పు అంటారు.

మరి నేనెందుకు వెళ్లానంటే, నాకు హ్యామ్ రేడియో పిచ్చి. కాలేజీ రోజుల్లో హైదరాబాద్‌లో అంటుకుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హ్యామ్ రేడియోతో బయటి ప్రపంచానికి కబుర్లు అందించింది, మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లోని హ్యామ్ రేడియో సంస్థ తరఫునే వాళ్లు అక్కడికి వెళ్లారు. అప్పట్నుంచి మా ఆవిడ దగ్గర నా రేడియో సామాను గురించి చిన్న గౌరవం ఏర్పడింది. అంతకుముందు అది ‘తీగలు’. తర్వాత కూడా తీగలే, కానీ గొంతు మారింది.

టెవిస్ దారి పోయే లోయల్లో సెల్ ఫోను పనిచెయ్యదు. వందకు పైగా గుర్రాలు రాత్రిపూట ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియాలంటే, ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు కూర్చుని ఫలానా నంబరు వచ్చింది, ఫలానా నంబరు వెళ్లింది, ఫలానాది ఆగిపోయింది అని రేడియోలో చెబుతూ ఉండాలి. మా హ్యామ్ మిత్రుడు, రిటైరైన ఫైర్‌మన్, ‘నీకు నిద్రాపుకోవడం వచ్చా?’ అని అడిగాడు. సాఫ్ట్‌వేరు వాణ్ణి కదా, అదొక్కటే వచ్చు అన్నాను.

నాకు ఇచ్చిన చోటు ఫ్రాన్సిస్కోస్. ఎనభై అయిదో మైలు. అమెరికన్ రివర్ పక్కన, మట్టి రోడ్డు మీద గంటసేపు ఒళ్లు హూనం చేసుకుంటే గానీ చేరలేని మైదానం. మిగతా మజిలీల పేర్లు వింటే మీకు నవ్వొస్తుంది. లాస్ట్ ఛాన్స్, అంటే ‘ఆఖరి అవకాశం’. డెడ్‌వుడ్, ‘ఎండు కట్టె’. డస్టీ కార్నర్స్, ‘దుమ్ము మూలలు’. కొన్ని పేర్లు బంగారం కోసం వచ్చిన గని కూలీలు పెట్టుకున్నవి. వాళ్ల బతుకు ఎలా ఉండేదో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

రాబిన్సన్ ఫ్లాట్‌లో ముప్ఫయ్యారో మైలు దగ్గర ఒక గంట, ఫారెస్ట్‌హిల్‌లో అరవయ్యెనిమిదో మైలు దగ్గర ఇంకో గంట గుర్రం కచ్చితంగా ఆగాలి. అక్కడ ఇంటివాళ్లు, స్నేహితులు దాణా, నీళ్లు, తడి గుడ్డలు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. ఫారెస్ట్‌హిల్ దాటితే చీకటి. మా మజిలీకి ఇంటివాళ్లను రానివ్వరు. వాళ్లు ఆబర్న్‌లో కూర్చుని, మేం పంపే కబురు కోసం చూడాలి.

సాయంత్రం నాలుగింటికల్లా ఏంటెనా ఎత్తి, గుడారంలో బల్ల వేసుకుని కూర్చున్నాం. మొదటి గుర్రం చీకటి పడుతుండగా వచ్చింది. నేను అనుకున్నది వేరు. మన సినిమాల్లో గుర్రం అంటే ఎంత ఎత్తు, ఎంత మెరుపు! ఇది చూస్తే పొట్టిగా, బక్కపల్చగా, ఎముకలు కనబడుతూ ఉంది. అరబ్బీ గుర్రం. దీంతోనా నూరు మైళ్లు అనిపించింది.

వెంటనే నలుడి కథ గుర్తొచ్చింది. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు, ఋతుపర్ణ మహారాజుని అయోధ్య నుంచి విదర్భకి ఒక్క రోజులో చేర్చాలి. నూరు యోజనాలు. లాయంలోకి వెళ్లి బక్కచిక్కిన గుర్రాల్ని ఏరి తెస్తే, రాజు ‘వీటితోనా? నన్ను నవ్వులపాలు చేస్తావా?’ అన్నాడు. నలుడు వాటి సుడులు చూపించి ఇవే చేరుస్తాయన్నాడు. దారిలో రాజు ఉత్తరీయం జారి పడితే, ఆపమనేలోపు అది యోజనం వెనకపడిపోయింది. చిన్నప్పుడు మా నాన్న ఈ కథ చెబుతూ ఇక్కడ ఆపేవాడు, మేం ఆశ్చర్యపోవాలని. నాకిప్పుడు ఇష్టమైన చోటు దాని తర్వాత వస్తుంది. విదర్భ చేరాక రాజు విడిదిలోకి వెళ్లిపోతాడు. నలుడు మాత్రం గుర్రాల్ని తనే విప్పి, సేద తీర్చి, బుజ్జగించి, ఆ తర్వాతే కూర్చుంటాడు. అక్కడ లోపల ఉన్నది తన భార్య. అయినా ముందు గుర్రాలు.

ఫ్రాన్సిస్కోస్‌లో నేను చూసింది అదే. మనిషి దిగుతాడు. తూలుతుంటాడు, పెదాలు పగిలి ఉంటాయి, దుమ్ము కొట్టుకుని మొహం ఆనవాలు తెలీదు. ఎవరైనా నీళ్ల సీసా ఇస్తే, సగం గుర్రం మెడ మీద పోసి మిగతాది తను తాగుతాడు. కొందరు మొత్తం పోసేస్తారు.

ఇక గుర్రాల డాక్టర్ల పరీక్ష. ముందు గుండె. ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టి లెక్కబెడతారు. ఊరికే నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి ముప్ఫై నలభై సార్లు కొట్టుకుంటుంది. కొండెక్కి వచ్చినప్పుడు నూరు దాటి ఉంటుంది. అది మజిలీని బట్టి అరవైకో, అరవై నాలుగుకో దిగితే గానీ ముందుకు పంపరు. తర్వాత పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి, రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తారు. మెడ చర్మం గిల్లి వదిలి, ఒంట్లో నీరెంతుందో చూస్తారు. పొట్ట మీద చెవి పెట్టి పేగుల చప్పుడు వింటారు. గుర్రానికి వాంతి చేసుకోవడం రాదు. కడుపులో తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పొట్ట గుడగుడమంటుంటే డాక్టరు మొహం వెలిగిపోతుంది. చివరికి పగ్గం పట్టుకుని కొంతదూరం పరిగెత్తిస్తారు. ఏ కాలన్నా కాస్త తేలిక చేస్తోందా, తల ఎగరేస్తోందా అని టార్చిలైట్ల వెలుగులో కళ్లు చికిలించి చూస్తారు. కుంటితే అంతే. అక్కడితో సరి.

ఈ పందేలంటే అందరికీ ఇష్టమని కాదు. గుర్రాన్ని అంత కష్టపెట్టడం ఏమిటనేవాళ్లున్నారు. వాళ్ల మాటని కొట్టిపారెయ్యలేం. టెవిస్‌లోనూ గుర్రాలు చనిపోయిన సందర్భాలున్నాయి. గుర్రాల్ని చూసుకునే తీరు బాగాలేదని 2015లో అంతర్జాతీయ సమాఖ్య ఎమిరేట్స్ సంఘాన్నే కొన్నాళ్లు సస్పెండ్ చేసింది. నేను వెళ్లిన ఏడాదే, సెప్టెంబరులో, నార్త్ కరొలినాలో ప్రపంచ పోటీని ఎండ, ఉక్కపోత భరించలేనంత ఉన్నాయని సగంలో ఆపేశారు. గుర్రానికి నోరు లేదు, ‘ఇక నావల్ల కాదు’ అని చెప్పలేదు. ఎప్పుడు ఆగాలో దాని తరఫున ఇంకొకరు చెప్పాలి. ఆ చెప్పేవాళ్లు సరిగ్గా ఉన్నారా లేదా అన్నదే నాకు కనబడ్డ తేడా. రైడరు ఏడుస్తున్నా సరే, చీటీ మీద ‘పుల్’ అని రాసి చేతికిచ్చిన డాక్టరమ్మని ఆ రాత్రి చూశాను. రాశాక ఆవిడే రైడరుని కావలించుకుంది.

సరే, నా సంగతికి వస్తాను.

రైడరు రాగానే గేటు దగ్గర ఒక కుర్రాడు నంబరు, టైము చీటీ మీద రాస్తాడు. వెళ్లేటప్పుడు ఇంకో చీటీ. రెండూ నా బల్ల మీదికి వస్తాయి. నేను పుస్తకంలో రాసి, రేడియోలో చదివి, చీటీని మేకుకి గుచ్చుతాను. ఇంతే పని. పదిన్నర నుంచి గుర్రాలు గుంపుగా రావడం మొదలెట్టాయి. నా మిత్రుడు జనరేటరు మొరాయిస్తోందని వెళ్లాడు. పదకొండున్నరకి రెండు చీటీలు కలిసి వచ్చాయి. ‘47 అవుట్’ చదివాను. రెండోది చూశాను. నాలుగు, ఏడు కనబడ్డాయి. అదే చీటీ మళ్లీ వచ్చిందనుకుని రెండూ కలిపి మేకుకి గుచ్చేశాను.

అది 47 కాదు. ‘74 ఇన్.’

పదకొండూ ముప్పావుకి కంట్రోల్ నుంచి పిలుపు వచ్చింది. ‘74 మీ దగ్గరికి వచ్చిందా? ఫారెస్ట్‌హిల్ నుంచి ఎనిమిదింటికి ముందే బయల్దేరింది. ఆవిడ వెనక బయల్దేరిన ముగ్గురు మీ దగ్గరికి వచ్చేశారు. ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు.’

పుస్తకం చూశాను. లేదు. ఆ పుస్తకం రాసింది నేనే కాబట్టి దానిమీద నాకు అపారమైన నమ్మకం. మేకు వంక చూడాలని కూడా తోచలేదు.

సరిగ్గా అప్పుడే గుడారం పక్కన ఒకావిడ నిలబడి ఉంది. నంబరు కనబడకుండా పైన జాకెట్టు వేసుకుంది. ఒక చేతిలో పగ్గం, ఇంకో చేతిలో క్యారెట్లు. ‘టైమెంతయింది?’ అని అడిగింది. ‘పదకొండూ నలభై ఎనిమిది’ అన్నాను. థాంక్స్ చెప్పి చీకట్లోకి వెళ్లింది. నేను మైకు నొక్కి, ‘74 ఇంకా రాలేదు’ అని చెప్పాను.

ఫారెస్ట్‌హిల్‌కి, మాకు మధ్య దారి ఎలాంటిదో చెప్పాలి. మనిషి వెడల్పు బాట. ఒకపక్క కొండ, ఇంకోపక్క నదిలోకి దిగిపోయే లోయ. వెన్నెల ఉంటుంది నిజమే, పౌర్ణమి చూసుకునే సాధారణంగా పందెం పెడతారు. కానీ చెట్ల కింద వెన్నెల ఏంచేస్తుంది? రైడర్లు దీపం వెయ్యరు, గుర్రానికే చీకట్లో మనకన్నా బాగా కనబడుతుందని దాన్ని నమ్ముకుని కూర్చుంటారు. ఆ బాట మీద వెనకవాళ్లు వచ్చి ముందువాళ్లు రాలేదంటే ఏమనుకోవాలి? వెనక నుంచి ఊడ్చుకుంటూ వచ్చే గుర్రాల వాళ్లని, లోయ అంచుల్లో చూస్తూ రమ్మని కంట్రోల్ చెప్పడం నా రేడియోలో వినబడుతోంది. ‘భర్తకి చెప్పాం, ఫ్రాన్సిస్కోస్‌కి ఇంకా రాలేదని’ అన్న మాట కూడా.

నేను దిగులుపడ్డాను కూడానండీ! పాపం ఎవరావిడ, ఏమైందో అనుకుంటూ కాఫీ పోసుకున్నాను.

పన్నెండూ నాలుగుకి కుర్రాడు చీటీ తెచ్చాడు. ‘74 అవుట్.’

ఆ చీటీ చూసిన క్షణంలో కడుపులో ఏం జరిగిందో రాయడం నాకు చేతకాదు. మేకు మీది చీటీలన్నీ లాగాను. కింద నుంచి నాలుగోది, పదకొండూ ఇరవయ్యారు. మైకు తీసుకున్నాను. చేయి వణికింది. ‘తప్పు నాది. 74 పదకొండూ ఇరవయ్యారుకే వచ్చింది. పన్నెండూ నాలుగుకి క్షేమంగా వెళ్లింది. నేను చీటీ తప్పు చదివాను.’

ఆ ఫ్రీక్వెన్సీ మీద కనీసం పది పదిహేను మజిలీలు వింటున్నాయి. తిడతారనుకున్నాను. కంట్రోల్‌లో ఉన్నాయన అదే గొంతుతో, ‘రాసుకున్నాను. ఇన్ ఇరవైమూడు ఇరవయ్యారు, అవుట్ సున్నా సున్నా సున్నా నాలుగు. థాంక్యూ’ అన్నాడు. తిట్టి ఉంటే బావుండేది.

ఆ తర్వాత తెల్లవారే దాకా నేను ప్రతి చీటీని రెండుసార్లు చదివాను, మూడోసారి పైకి చదివాను. కుర్రాడు నన్ను విచిత్రంగా చూశాడు. దాదాపు మూడింటికి, తొంభైనాలుగో మైలు దగ్గరున్న లోయర్ క్వారీ నుంచి మాట వచ్చింది. ‘74, పుల్. కుంటుతోంది.’ ఇంక ఆరు మైళ్లే మిగిలాయి. నాకు సంబంధం లేదని తెలుసు. నా చీటీకి, ఆ గుర్రం కాలికి ఏం సంబంధం? అయినా ఒళ్లంతా నీరసం వచ్చేసింది.

పొద్దున ఆబర్న్ వెళ్లాను. ఇంటికి వెళ్లి పడుకోమని మిత్రుడు చెప్పాడు, కానీ కాళ్లు అటు పోలేదు. మైదానం నిండా ట్రెయిలర్లు. నంబరు 74 ఏదని అడుగుతూ పోతే దొరికింది. భర్త మడత కుర్చీలో కూర్చున్నాడు. అరవై ఏళ్లుంటాయి. ‘రాత్రి ఫ్రాన్సిస్కోస్‌లో రేడియో దగ్గరున్నది నేనే’ అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశాడు. ‘ఇరవై నిమిషాలు’ అన్నాడు. ‘ఆ ఇరవై నిమిషాల్లో నేను గుర్రాలన్నీ అమ్మేశాను. జీనులు అమ్మేశాను. ట్రెయిలర్ కూడా బేరం పెట్టాను.’ కొంచెం ఆగి, ‘నువ్వు తప్పు ఒప్పుకున్నాక మళ్లీ అన్నీ కొనుక్కున్నా’ అన్నాడు. నవ్వాడా అంటే, పూర్తిగా నవ్వలేదు. కుర్చీ చూపించాడు.

ఆవిడ వెనక గుర్రం కాలికి చల్లటి పట్టీ కడుతోంది. నిద్రలేదు, స్నానం లేదు, రాత్రి జాకెట్టే ఇంకా ఒంటి మీద ఉంది. నన్ను చూసి, ‘నువ్వు నాకు టైము చెప్పినవాడివి కదూ’ అంది. అప్పుడు మొత్తం చెప్పాను. తను నా పక్కనే నిలబడి ఉంటే, తను రాలేదని నేను చెప్పిన సంగతి. ఆవిడ భర్త వంక చూసింది. ఆయన భుజాలెగరేశాడు. ఆవిడ ఏమీ అనలేదు. పగ్గం నా చేతిలో పెట్టి, ‘పట్టుకో, కాఫీ తెచ్చుకుంటా’ అని వెళ్లిపోయింది.

మా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి చివర జట్కా సాయిబు ఉండేవాడు. సాయంత్రం బండి విప్పాక గుర్రానికి ఉడికించిన ఉలవలు పెట్టి, అది తిన్నాక గానీ తను అన్నానికి వెళ్లేవాడు కాదు. ఉలవలు గుర్రానికి, వాటి నీళ్లు మన చారుకి. అంతకుమించి నాకు గుర్రాలతో పరిచయం లేదు. ఇప్పుడు తొంభైనాలుగు మైళ్లు నడిచిన జీవం ఒకటి తల వంచి నా చొక్కాకి మొహం రుద్దుకుంటోంది. చెమట ఉప్పు ఎండి, దాని మెడ మీద తెల్లటి చారలు.

అప్పుడు మోగింది ఫోను. తెనాలిలో రాత్రి ఏడున్నర.

‘అయ్యిందా నీ పందెం? ఎవరు గెలిచార్రా?’

తెలీదన్నాను. నిజంగానే, అప్పటికి అడగాలని తోచలేదు.

‘రాత్రంతా కూచుని గెలిచిందెవరో కూడా తెలుసుకోలేదూ? మరి ఏం రాశావు?’

జరిగింది చెప్పాను. తప్పు చదివిన చీటీ, 74, ఆరు మైళ్ల ముందు ఆగిపోయిన గుర్రం, అంతా. అమ్మ మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు.

‘ఇప్పుడేది ఆ గుర్రం?’ అంది.

‘నా దగ్గరే ఉందమ్మా. పగ్గం నా చేతిలోనే ఉంది.’

‘తింటోందా?’

చూశాను. వల సంచీలోంచి గడ్డి లాక్కుంటోంది.

‘తింటోంది.’

‘సరే’ అంది అమ్మ. ‘నువ్వు కూడా ఏదైనా తిను.’